మేడ మీద పెరిగిన మున్నీ కోసం పామర్రు దాకా

మున్నీ బతుకుతుందో లేదో తెలియని ఒక రోజున, దాన్ని ఇంటికి తెచ్చుకుందామని మా ఆపా, నేను పామర్రు వైపు వెళ్ళి వచ్చాం. ఆపా అంటే మా అక్క జైనబీ. మున్నీ అంటే గొర్రె. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. కానీ పట్నంలో మేకనో గొర్రెనో ముద్దుగా పెంచి, పెద్దదయ్యాక పల్లెలో ఎవరి మందలోనో వదిలినవాళ్ళు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. అలా వదలాలనుకునేవాళ్ళు కూడా ఉంటారు. షాపులో గిరాకీ లేని మధ్యాహ్నాల్లో కూర్చుని వాళ్ళకోసమే ఇది టైపు చేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు మున్నీ మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. బెజవాడ ఆటోనగర్‌లో లారీల ఫిల్టర్లు, గ్యాస్కెట్లు అమ్మే చిన్న షాపు నాది. షాపు మీదే మా ఇల్లు, ఆ పైన డాబా. ఆపా మాతోనే ఉంటుంది, జాకెట్లు కుడుతుంది. ఒకసారి గొర్రెల మందని ఎక్కించుకుని వెళ్తున్న లారీ ఒకటి గేరుబాక్సు పోయి మా పక్క షెడ్డులో ఆగింది. ఆ గ్రీజు మరకల నేల మీదే ఒక గొర్రె ఈనింది. తల్లి బతకలేదు. మంద యజమాని సాంబయ్య, పామర్రు దగ్గర పల్లెటూరి మనిషి, తడి ఆరని పిల్లని చేతుల్లో పట్టుకుని మా మెట్ల దగ్గరకొచ్చాడు. "దారిలో దీన్ని నేను బతికించలేనండి. మీరు పాలు పట్టి చూడండి. బతికితే మీదే" అన్నాడు. ఆపా మిషను ఆపి కిందికి దిగి, పిల్లని కొంగులో చుట్టుకుని పైకెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు కాలనీలో ఒక్క జాకెట్టు కూడా చెప్పిన రోజుకి అందలేదు.

ఆపా పెంపకం గురించి కూడా చెప్పాలి, తర్వాత కథంతా దాని మీదే ఉంది. రోజూ పొద్దున్నే డాబా కడిగేది. అవిశాకు తెప్పించి, పర్మాంగనేటు వేసిన గులాబి రంగు నీళ్ళలో ముంచి, బట్టలు ఆరేసినట్టు తాడు మీద ఆరేసి, ఆరాక పెట్టేది. గొర్రెలకి కడుపులో నట్టలు, అంటే పురుగులు పడతాయని ఎవరో చెప్తే, అవి పడ్డాయో లేదో చూడకుండానే నెలనెలా నట్టల మందు తెచ్చి తాగించేది. మున్నీ నేల మీద కాలు పెట్టింది లేదు, మట్టి అంటిన గడ్డిపరక తిన్నది లేదు. మెరుస్తూ ఉండేది. మా ఆవిడ అనేది, "ఈ ఇంట్లో పుట్టుక మారితే బాగుండు, గొర్రెగా పుడతా" అని.

ఎండాకాలం వచ్చేసరికి డాబా పెనంలా కాలింది. అదే సమయానికి సాంబయ్య ఆయిలింజను సామాను కోసం షాపుకొచ్చి, పైకెక్కి మున్నీని చూశాడు. "ఒక్కతే ఉంటే గొర్రెలాగా ఉండదక్కయ్యగారూ, మనిషిలాగా తయారవుద్ది. మా మందలో దీని తోడబుట్టింది కూడా ఉంది, అంతకుముందు ఈతలో పుట్టింది. నాకు ఇవ్వండి, నా బిడ్డలాగా చూసుకుంటా" అన్నాడు. ఆపా రెండు రోజులు అన్నం సరిగా తినకుండా ఆలోచించి, సరేనంది. పంపాక తాడు మీద ఆకులు ఆరేసే చోట జాకెట్లు ఆరేసింది.

వానలు వెళ్ళి మంచు పడే రోజుల్లో సాంబయ్య ఫోన్ చేశాడు. మున్నీ లేవడం లేదు, దవడ కింద నీటిసంచిలాగా దిగింది, పైగా కడుపుతో ఉంది, ఇవాళో రేపో ఈనేలా ఉంది అని. ఆపా ఫోన్ నా చేతిలో పెట్టి, లోపలికెళ్ళి ఒక గోనెపట్టా, ఒక తాడు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. "రేపు పొద్దున్నే పోదాం. మున్నీ లేకుండా నేను తిరిగి బస్సెక్కను. చెప్తున్నా, తర్వాత అనకు" అంది.

మీరు వెళ్ళాలనుకుంటే ఆటోనగర్ గేటు దగ్గరే నిలబడండి. బందరు వెళ్ళే బస్సులు బస్టాండులో కిక్కిరిసి బయల్దేరినా, గేటు దగ్గర కొందరు దిగుతారు కాబట్టి సీటు దొరుకుతుంది. మేము తెల్లవారకముందే ఎక్కాం. పామర్రుకి టికెట్టు పదిహేనో పదహారో రూపాయలు తీసుకున్నాడు కండక్టరు, గంటకి పైగా ప్రయాణం. కంకిపాడు దాకా చీకటే. అక్కడ బస్సు ఆగినప్పుడు పూల బుట్టలు ఎక్కాయి, కిటికీలోంచి టీ అందుకున్నాం. ఉయ్యూరు దాటేటప్పటికి వెలుతురు వచ్చింది. చెరుకు బళ్ళ వెనక బస్సు నెమ్మదిగా నడుస్తుంటే, రెండు పక్కలా కోతకొచ్చిన వరి మీద మంచు తెల్లగా పరుచుకుని ఉంది. మామూలుగా అయితే ఆపా నాకు ఆ పొలాలు చూపించి, మన దగ్గర ఒక్క చెట్టన్నా లేదు అని దెప్పేది. ఆ రోజు గోనెపట్టా ఒళ్ళో పెట్టుకుని దాని కుట్లు వేళ్ళతో లెక్కపెడుతున్నట్టు తడుముతూ కూర్చుంది. కండక్టరు అడిగాడు, "ఏం తెస్తారమ్మా, బియ్యమా?" "మా అమ్మాయిని" అంది ఆపా. ఆయన నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను.

పామర్రు సెంటర్‌లో దిగి సాంబయ్య ఊరికి ఆటో మాట్లాడుకున్నాం. షేర్ ఆటోలు ఉంటాయి కానీ నిండేదాకా కదలవు. తొందరుంటే మొత్తం మాట్లాడుకోవడమే మంచిది, తిరుగు ప్రయాణం కూడా కలిపి అడిగితే తగ్గిస్తారు. కాలవ గట్టు రోడ్డు బాగానే ఉంది. ఊరికి ఇవతలే గట్టు మీద మంద కనపడింది. పొలాల్లో వరి ఉంది కాబట్టి ఆ రోజుల్లో గొర్రెలకి గట్లూ రోడ్డు పక్కలే మేత.

మున్నీ మందలో లేదు. కాస్త దూరంగా, కాలవ వారన పచ్చగా ఎదిగిన గడ్డిలో ఒక గుంజకి కట్టేసి ఉంది, కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. సాంబయ్య భార్య నాగమ్మ దాని పక్కన కూర్చుని ఈగలు తోలుతోంది. ఆపా పిలిచింది, "మున్నీ, ఆ బేటీ," రా తల్లీ అని. చెవులు కదిలాయి. తల ఎత్తబోయి మళ్ళీ దించేసింది. దవడ కింద వాపు నిమ్మకాయంత వేలాడుతోంది. ఆపా దగ్గరకెళ్ళి దాని కంటి కింది రెప్పని బొటనవేలితో కిందికి లాగి చూసింది. మనకి నీరసం చేస్తే డాక్టరు చూస్తాడే, అలాగే. లోపల ఎర్రగా ఉండాల్సింది కాగితంలా తెల్లగా ఉంది.

"ఏమన్నా తింటోందా వదినా?" అని నాగమ్మని అడిగింది.

"నా చేత్తో పెడితే రెండు పరకలు తింటదండి. నిన్న రాత్రి గంజి పట్టా. మీరొస్తారని చెప్పా దాని చెవిలో. ఇక్కడ అందరం దీన్ని బెజవాడది అంటాంలే, మున్నీ అంటే పలకడం మర్చిపోయిందేమోనని నాకు భయమేసింది. పలికింది, చూశారుగా."

సాంబయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. తలపాగా తీసి చేతుల్లో పట్టుకున్నాడు. డాక్టరుగారికి కబురు పెట్టానని, ఊళ్ళోకి రావాలంటే పొద్దుటి ఓపీ అయ్యాకేనని, ఈలోపు పెంటికలు తీసుకురమ్మన్నారని చెప్పాడు. పెంటికలంటే తెలుసుగా, గొర్రె వేసేవి. మున్నీవీ, పోల్చి చూడ్డానికి మందలో బాగున్న ఇంకో గొర్రెవీ, రెండు రకాలూ అప్పుడే వేసినవి కావాలన్నారట. బాగున్నదాని సంగతి వచ్చేసరికి సాంబయ్య ఆలోచించకుండా ఒక గొర్రెని పట్టుకొచ్చాడు. ఎర్రటి ఒళ్ళు, నుదుట తెల్ల మచ్చ. "ఇది చుక్కదండీ. మీ మున్నీ తోడబుట్టింది ఇదే. ఒక తల్లి పిల్లలే." చుక్కది గట్టిగా తన్ని విడిపించుకుని పరిగెత్తింది.

వేసేందుకు డబ్బా లేదు. ఆపా సంచిలోంచి తన గాజుల డబ్బా తీసింది. ప్లాస్టిక్‌ది, మధ్యలో అడ్డు ఉన్నది. గాజులు చేతులకి ఎక్కించేసుకుని, ఒక అరలో మున్నీవి, ఇంకో అరలో చుక్కదానివి వేసి మూత పెట్టింది. దారిలో ఆటో అతను అద్దంలో చూస్తూ అడిగాడు.

"ఏంటండీ అది, అంత జాగ్రత్తగా పట్టుకున్నారు. బంగారమా?"

"పెంటికలు" అన్నాను.

"అబ్బో. రెండు అరలు కూడానా?"

"ఒకటి బెజవాడ, ఒకటి లోకల్" అంది ఆపా. పొద్దుట్నించి ఆమె నవ్వడం అదే మొదలు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసు అమ్మాయి. మేడమ్ అని పిలవాలో అమ్మా అని పిలవాలో తెలియనంత వయసు. గేదెలు, దూడలు, ఒక కోళ్ళ గంప వరసలో ఉన్నాయి. మా వంతు వచ్చేసరికి పది దాటింది. ఆమె పెంటికల్ని ఉప్పునీళ్ళలో చిదిపి, వడకట్టి, పైన తేలినదాన్ని గాజు పలక మీద వేసి మైక్రోస్కోపులో చూసింది. మొదటిదాన్ని చూస్తూ చాలాసేపు తల ఎత్తలేదు. రెండోది తొందరగానే అయిపోయింది. తర్వాత ఆపాని పిలిచి, "మీరూ చూడండమ్మా" అంది.

ఆపా సూదిలో దారం ఎక్కించేటప్పుడు మూసినట్టు ఒక కన్ను మూసి చూసింది. "సగ్గుబియ్యంలా ఉన్నాయి. ఎక్కడ చూసినా అవే."

"అవి నట్టల గుడ్లు. పురుగులు కడుపులో ఉంటాయి. వెంట్రుకంత సన్నం, ఎర్రదారం తెల్లదారం కలిపి పేనినట్టుంటాయి. ఈ రకం రక్తం తాగుతుంది. అందుకే కన్ను తెల్లబడింది, దవడ కింద నీరు చేరింది. ఇప్పుడు ఈ రెండోది చూడండి."

ఆపా వెతికి వెతికి, "ఒకటి కనపడింది. అదిగో ఇంకోటి" అంది. తల ఎత్తి, "రెండూ ఒక తల్లి పిల్లలమ్మా. ఒకే గట్టు మీద మేస్తున్నాయి. మరి దీని కడుపులో ఎందుకు లేవు?"

"లేవని కాదు, తక్కువున్నాయి. వచ్చి చూసి చెప్తాను" అని డాక్టరు, ఓపీ అయ్యాక మందుల సంచి సర్దుకుని, స్కూటరు అక్కడే పెట్టి మా ఆటోలోనే ఎక్కింది. ఇలా వస్తారని నేను అనుకోలేదు. దారిలో ఆటో అతను ఇక జోకులు వెయ్యలేదు, గుంతలు తప్పించి నడిపాడు.

గట్టు మీద ఆమె ముందు చుక్కదాన్ని పట్టించి కంటి రెప్ప లాగి మాకు చూపించింది. లోపల దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది. తర్వాత మున్నీ దగ్గర కూర్చుంది. పొట్ట తడిమి, పిల్ల కదులుతోందని చెప్పి, మందు తీసి బరువు అంచనా కట్టి కొలిచి, నెమ్మదిగా తాగించింది. ఇంతకుముందు ఏ నట్టల మందు తాగించారో అడిగి, ఇది వేరే రకమని, పాతది ఇప్పుడు పనిచేస్తుందో లేదో నమ్మలేమని చెప్పింది. అప్పుడు ఆపాని అడిగింది, "పుట్టినప్పటి నుంచి ఎలా పెంచారమ్మా?"

ఆపా హుషారుగా మొదలుపెట్టింది. కడిగిన డాబా, గులాబి నీళ్ళు, తాడు మీద ఆకులు, నెలనెలా మందు. చెప్తూ చెప్తూ ఉండగా ఆమె గొంతు నెమ్మదించింది. చివరికి, "ఒక్క పురుగు కూడా దాని కడుపులోకి పోనివ్వలేదమ్మా" అని, డాక్టరు మొహంలోకి చూసి ఆగిపోయింది.

డాక్టరు తిట్టలేదు. మున్నీ మెడ నిమురుతూనే చెప్పింది. "చుక్కది పిల్లప్పటి నుంచి ఈ నేల మీద మేసిందమ్మా. రోజూ గడ్డితో పాటు కాసిన్ని నట్టల పిల్లలు కడుపులోకి పోయేవి. మొదట్లో అదీ నీరసపడే ఉంటుంది. పోను పోను ఒళ్ళు వాటిని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. కడుపు గోడ దగ్గర, రక్తంలో ఉండే కణాలు కొన్ని కాపలా కాస్తాయి. కొత్తగా వచ్చిన పురుగు అంటుకోకుండా జిగురు ఊరించి బయటికి తోసేస్తాయి. అంటుకున్నవాటిని ఎదగనివ్వవు, గుడ్లు ఎక్కువ పెట్టనివ్వవు. అంతేగానీ పూర్తిగా లేకుండా చెయ్యవు. కాసిన్ని లోపల ఉంటేనే ఆ గుర్తు నిలబడుతుంది."

"టీకా వేసినట్టా అండీ?" అన్నాను.

"టీకా చాలావాటికి ఒకసారి పనిచేస్తే ఎన్నాళ్ళో ఉంటుంది. ఇది అంత గట్టిది కాదు. నెలల తరబడి, కొద్దికొద్దిగా తగిలితే వస్తుంది. తగలడం మానేస్తే పోతుంది. తిండి చాలకపోతే రాదు. పైగా ఈనే ముందు, వచ్చినదాన్లో కూడా కొంత తగ్గిపోతుంది, ఒంట్లో సత్తువ పిల్లకీ పాలకీ వెళ్ళిపోతుందిగా. మున్నీకి నేర్చుకునే టైమే దొరకలేదు. వానలకి గడ్డి నిండా పురుగు, కడుపులో పిల్ల, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి."

మా ఆటోనగర్‌లో బోరు చేసిన, అంటే అరిగిన లోపలి భాగం కోసి కొత్త ముక్కలు వేసిన ఇంజన్ని కొన్నాళ్ళు తక్కువ లోడుతో, తక్కువ స్పీడులో తిప్పుతారు. రన్నింగ్ చెయ్యడం అంటాం. లోపలి ముక్కలు ఒకదానికొకటి అరిగి సర్దుకోవాలి. అది చెయ్యకుండా, కొత్తది కదా అని ఫుల్ లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కిస్తే దారిలోనే పట్టేసి ఆగిపోతుంది. నాకు అప్పుడు అర్థమైంది. మున్నీ తళతళలాడే కొత్త ఇంజన్. పైకి చూస్తే చుక్కదానికన్నా బాగుండేది.

డాక్టరు ఇంకో ప్రశ్న అడిగింది, ఈసారి సాంబయ్యని. "ఇది మందతో పాటే మేస్తోందా?"

"మందతో ఎందుకు వదుల్తానండీ?" అన్నాడు సాంబయ్య, ఆ మాట తనకి నచ్చనట్టు. "పట్నం నుంచి వచ్చింది. ఆ అక్కయ్యగారు చేతుల్లో పెంచింది. ఎండుగడ్డి పరకలు పెట్టి చంపుకుంటామా. మందని పొద్దెక్కాక లేపుతా. దీన్ని మాత్రం తెల్లారకుండానే తీసుకొచ్చి ఈ కాలవ వారనే కట్టేస్తా. ఇక్కడ గడ్డి లేతగా ఉంటదండి. ఈ ముక్కలో ఇంకే గొర్రెనీ మూతి పెట్టనివ్వను. ముందు మందని ఇక్కడే ఆపేవాణ్ణి, దీనికోసం అవతలికి తోలా."

డాక్టరు లేచి కాస్త గడ్డి తుంపింది. ఎండ ఎక్కినా ఆ వారన మొదళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. "నట్టల పిల్లలు పేడలోంచి వచ్చి, మంచు పట్టుకుని గడ్డి కొసలకి పాకుతాయండీ. ఎండ పడితే కిందికి దిగిపోతాయి. అందుకే మంచు ఆరాక మేపమంటాం. మంద వదిలిన పేడ, వానలు, నీడ, తడి, అన్నీ ఉన్న చోటు ఇదే. దాని మీద రోజూ అదే గుంజకి, అదే గడ్డి."

సాంబయ్య తలపాగా గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. నాకు ఆపా ఏమంటుందోనని భయం వేసింది, ఆమె నోరు నాకు తెలుసు.

ఆపా లేచి సాంబయ్య దగ్గరికి వెళ్ళింది. "ఇంటికొచ్చిన అల్లుడికి పెట్టినట్టు పెట్టావన్నమాట నా మున్నీకి."

"తెలియలేదక్కయ్యగారూ."

"నాకు తెలిసిందా? నేను గులాబి నీళ్ళలో ముంచా, నువ్వు మంచులో ముంచావు. ఇద్దరం దాన్ని ఒక గొర్రెలాగా ఉండనివ్వలా."

నాగమ్మ వెనకనుంచి అంది, "చెప్తూనే ఉన్నా వదినా ఈయనకి, ఆ ముద్దు ఎక్కువైందని. పాతికేళ్ళ కాపరం, నాకెప్పుడన్నా లేతది ఏరి పెట్టాడా? వంకాయ కూడా ముదురుదే తెస్తాడు." సాంబయ్య తల వంచుకునే నవ్వాడు. ఆపా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

మధ్యాహ్నం నాగమ్మ ఇంట్లో భోజనం. "కోడి కొయ్యలేదండీ, మీ పద్ధతి మీకుంటుందిగా. కాలవ చేపలు తెప్పించా" అని పులుసు వడ్డించింది. మామిడికాయ ముక్క వేసి వండింది. ఎండబెట్టి దాచిన ముక్కలట, సీజను కాకపోయినా పులుపు సరిగ్గా కుదిరింది. డాక్టరు వద్దు వద్దంటూనే రెండుసార్లు వడ్డించుకుంది. చేపముల్లు తీసుకుంటూ ఆపా అడిగింది, "తీసుకెళ్తే?"

"ఇవాళ కుదరదమ్మా, బస్సులో పోతుంది. బతికి లేచాక తీసుకెళ్ళొచ్చు. మేడ మీద బానే ఉంటుంది. కానీ మళ్ళీ ఎప్పుడు నేల మీదికి వచ్చినా ఇదే మొదటికొస్తుంది."

"ఇక్కడే ఉంటే నేర్చుకుంటుందా?"

డాక్టరు చెయ్యి ఆపి ఆలోచించింది. "బతికితే, తిండి బాగుంటే, నేర్చుకునే అవకాశం ఉంది. కొన్ని గొర్రెలు ఎప్పటికీ సరిగా నేర్చుకోవు కూడా. నేను మాట ఇవ్వలేను. ఈ వారం మాత్రం గడ్డి లేని పొడి నేల మీద, నీడలో ఉంచండి. వేరుశనగ చెక్క, తవుడు తడిపి పెట్టండి. మిగతా మందకి అందరికీ మందు తాగించేయకండి సాంబయ్యగారూ, కళ్ళు తెల్లబడ్డవాటికే."

డాక్టరుని ఆటోలో ఆసుపత్రికి పంపాక, సాయంత్రం దాకా ఆపా మున్నీ దగ్గరే కూర్చుంది. చెక్క తడిపి ముద్ద చేసి వేళ్ళతో అందించింది. మొదటి ముద్ద మున్నీ నాకి వదిలేసింది. తర్వాత ఒకటి తింది. ఇంకొకటి తింది. ఎండ వాలాక మంద గట్టు దిగి దొడ్డివైపు మళ్ళింది. చుక్కది వెళ్తూ వెళ్తూ మున్నీ దగ్గర ఆగి, మొహం వాసన చూసి, ఆపా చేతిలోని ముద్ద కాస్తా లాక్కుని తినేసి పోయింది. "దీనికి చూడు ఎంత పొగరో" అంది ఆపా. అని, చాలాసేపు దాని వెనకే చూస్తూ ఉండిపోయింది.

ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఆపా గోనెపట్టా మడత విప్పింది. నేను తాడు అందుకున్నాను, డాక్టరు వద్దన్నా ఆపా అన్నమాట ప్రకారం తీసుకెళ్తుందనుకుని. ఆమె పట్టాని దొడ్లో పొడి నేల మీద పరిచింది. సాంబయ్య, నేను మున్నీని ఎత్తి దాని మీద పడుకోబెట్టాం. ఆపా వంగి దాని చెవిలో ఏదో చెప్పింది, మా భాషలో. నేను దగ్గరే ఉన్నా, అది నాకోసం కాదు కాబట్టి రాయను. తిరుగు బస్సులో సీట్లు దొరకలేదు. కంకిపాడు దాకా నిలబడే వచ్చాం. ఆపా ఖాళీ గాజుల డబ్బా పట్టుకుని, అప్పుడప్పుడు ముక్కుకి దూరంగా పెట్టుకుని, "దీన్ని ఇక గాజులకి వాడలేం" అంది.

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. మున్నీ ఈనింది, ఆడపిల్ల. తల్లికి పాలు సరిగా రాలేదు, నాగమ్మ సీసా పట్టింది. వాపు నెమ్మదిగా తగ్గింది. కోతలయ్యాక మళ్ళీ వెళ్ళాం, అదే బస్సు, అదే దారి, పొలాల్లో మినుము మొలకలు. మున్నీ లేచి మందలో నడుస్తోంది. రెప్ప లాగి చూశాం, దానిమ్మ ఎరుపు కాదు, లేత గులాబి. చుక్కదానంత గట్టిది ఎప్పటికీ కాదేమో. కానీ దాని పిల్ల గట్టు మీద ఎగురుతోంది. మనం ఎవరినన్నా కాపాడాలనుకుంటే ముందు చేసేది గోడ కట్టడం. నేనైనా అంతే, మా పిల్లల్ని వీధిలో ఆడనివ్వను. ఆ రోజు చూసిందేమంటే, ఆ పిల్ల పొద్దెక్కాక మట్టి అంటిన గడ్డిపరక ఒకటి నోట్లో పెట్టుకుంది. ఆపా చెయ్యి చాచింది, తీసెయ్యడానికే. మధ్యలో ఆగింది. వేళ్ళు ముడుచుకుని చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. పిల్ల నమిలి మింగేదాకా చూస్తూ కూర్చుంది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. బయల్దేరేముందు మీ గొర్రె తాజా పెంటికలు కాసిన్ని, అది వెళ్ళబోయే మందలోవి కాసిన్ని డాక్టరుకి చూపించి, నెమ్మదిగా ఎలా అలవాటు చెయ్యాలో అడిగి తర్వాతే వదలండి. ఆసుపత్రికి పొద్దున్నే వెళ్ళాలి, పన్నెండు దాటితే ఓపీ ఉండదు. డబ్బా మాత్రం గాజులది పట్టుకెళ్ళకండి. మా ఆపాకి కొత్తది కొనివ్వాల్సొచ్చింది, రెండు అరలదే కావాలంది.